గుండెజబ్బు – రక్తపరీక్ష ఏమి చెప్పును, ఏమి చెప్పదు

మన పట్టణములలో నేడు రక్తపరీక్ష వింత విషయము కాదు. వీధి వీధిని పరీక్షశాలలు వెలసినవి. ఉదయము వెళ్లి చేయి చాచినచో సాయంత్రమునకు రెండు మూడు పుటల కాగితము చేతికి వచ్చును. అందులో అంకెలుండును, అంకెల ప్రక్కన హద్దులుండును, హద్దు మీరిన అంకెకు ఒక గుర్తు ఉండును. గుర్తులు లేని కాగితము పొందినవాడు నిశ్చింతగా నిద్రపోవును. ఒక్క గుర్తు కనిపించినవానికి ఆ రాత్రి నిద్ర పట్టదు. గుండెజబ్బు విషయమున ఈ నిశ్చింతయు, ఈ దిగులును తరచుగా దారి తప్పుచున్నవని నా అభిప్రాయము. అట్లెందుకు జరుగుచున్నదో చదువరులకు మనవి చేయుటయే ఈ వ్యాసము యొక్క ఉద్దేశము.

నేను వైద్యుడను కాను. ఇంగ్లీషున వ్రాసిన ఆరోగ్య విషయములను తెలుగు చేయుట నా ఉద్యోగము. పుదుచ్చేరి పట్టణమున కూర్చుండి నేను చేయు ఈ పనిలో చాలభాగము ఎనిమిదివందల కిలోమీటర్లకు పైబడిన దూరమున, గోదావరి ఒడ్డున ఉన్న యానాం ప్రజల కొరకు. యానాం పాలన పుదుచ్చేరిది, భాష తెలుగు. మాటను మోసుకొనిపోవువాడు ఆ మాట వలన కలుగు మేలుకును కీడుకును బాధ్యుడు. ఈ సంగతి నాకు ఆలస్యముగా తెలిసినది.

కొన్ని సంవత్సరముల క్రిందట కొలెస్టరాలును గూర్చిన ఒక కరపత్రమును తెలుగు చేసితిని. అందులో "నార్మల్" అను మాట పలుమార్లు వచ్చినది. దానికి "ఆరోగ్యకరము" అని వ్రాసితిని. మాట సులభముగా ఉన్నదని సంతోషించితిని. ఆ కరపత్రము యానాంలో మా మేనమామ కుమారుని చేతికి చేరినది. అతనికప్పుడు 41 ఏండ్లు. మధుమేహము వచ్చి ఆరేండ్లయినది. రోజునకు పది సిగరెట్లు కాల్చును. అతని తండ్రి 54వ యేట గుండెపోటుతో మరణించెను. ఆ యేడు సంక్రాంతికి నేను వెళ్లినప్పుడు అతడు తన రక్తపరీక్ష కాగితమును నా ముందుంచి, "నాకేం లేదు బావా. మొత్తం కొలెస్టరాల్ 182. రెండువందల లోపుంటే ఆరోగ్యకరమని నువ్వే రాశావు కదా" అనెను. నేనును తల ఊపితిని.

ఏడాదిన్నర తిరుగకముందే ఒక వేకువజామున అతనికి గుండెపోటు వచ్చినది. సకాలమున కాకినాడకు చేర్చగలిగినందున బ్రతికెను. ఆసుపత్రిలో అతని భార్య నన్ను చూచి, "అన్నయ్యగారూ, కాగితంలో అంతా బాగానే ఉందన్నారు కదా?" అని అడిగెను. ఆమె నిందించలేదు, తెలిసికొనగోరెను. ఆమెకు నేనప్పుడు చెప్పలేకపోయిన సమాధానము ఇది.

కాగితములోని నాలుగు అంకెలు

తిరిగి వచ్చిన తరువాత ఆ పాత కాగితమును ఎదుట పెట్టుకొని చదివితిని. మొత్తము కొలెస్టరాల్ డెసిలీటరునకు 182 మిల్లీగ్రాములు. హెచ్.డి.ఎల్. 32. ట్రైగ్లిసరైడులు 260. ఎల్.డి.ఎల్. 98. మొదటి అంకెకును చివరి అంకెకును ఏ గుర్తును లేదు. నడుమనున్న రెండింటికి గుర్తులున్నవి. కాని వాటిని అతడును చూడలేదు, నేనును చూడలేదు. మా ఇద్దరి కన్నులును "మొత్తము" అను మాటపైననే నిలిచినవి.

కొలెస్టరాల్ విషము కాదు. శరీర కణముల పొరలకు, పైత్యరసమునకు, కొన్ని హార్మోనులకు అది ముడిసరుకు. దానిని కాలేయము తయారు చేయును. కొంత ఆహారము నుండి వచ్చును. అయితే నూనె నీటిలో కలియనట్లే అది రక్తములో కలియదు. కనుక మాంసకృత్తులతో కూడిన అతి సూక్ష్మమైన రేణువులలో ఎక్కి ప్రయాణము చేయును. ఈ రేణువులను పడవలనుకొందము. ఎల్.డి.ఎల్. అను పడవలు రక్తనాళముల గోడలలోనికి చొరబడి అక్కడ సరుకును దింపగలవు. ఏండ్ల తరబడి ఇట్లు జరిగినచో గోడలో కొవ్వు పేరుకొనును. అక్కడ వాపు పుట్టును. ఒకనాడు ఆ పూత చిట్లి, దానిపై రక్తము గడ్డకట్టి, గుండె కండరమునకు రక్తము అందకుండ పోవును. అదియే గుండెపోటు.

సామాన్యముగా కాగితములో వ్రాయు ఎల్.డి.ఎల్. అంకె పడవలలోని సరుకు తూకము. పడవల లెక్క కాదు. చాల పరీక్షశాలలలో దానిని నేరుగా కొలవరు. మొత్తము నుండి హెచ్.డి.ఎల్.ను, ట్రైగ్లిసరైడులలో అయిదవ వంతును తీసివేసి లెక్కకట్టుదురు. ఈ సూత్రము 1972 నాటిది. 182 నుండి 32ను, 52ను తీసివేసిన 98 వచ్చును. లెక్క సరియైనదే. కాని ట్రైగ్లిసరైడులు హెచ్చుగా ఉన్న మనిషిలో, ముఖ్యముగా మధుమేహరోగిలో, ఎల్.డి.ఎల్. పడవలు చిన్నవై, సంఖ్యలో హెచ్చుగా ఉండును. ఒక్కొక్క దానిలో సరుకు తక్కువ. అందుచేత తూకము తక్కువగా కనిపించును. గోడను తాకు పడవలు మాత్రము ఎక్కువ.

దీనిని కనిపెట్టుటకు రెండు మార్గములు కలవు. ఒకటి, అపో-బి అను మాంసకృత్తును కొలుచుట. హానికరమైన ప్రతి పడవకును అది ఒక్కొక్కటి మాత్రమే ఉండును. కనుక దానిని కొలిచినచో పడవలను లెక్కించినట్లే. రెండవ దానికి పైకము అక్కరలేదు. తీసివేత వచ్చిన చాలును. మొత్తము కొలెస్టరాల్ నుండి హెచ్.డి.ఎల్.ను తీసివేయవలెను. మిగిలినదంతయు గోడలోనికి చొరబడగల పడవల సరుకు. మా బావమరిది కాగితమున అది 150. అతని వంటి మధుమేహరోగికి ఈ అంకె 100 లోపున ఉండవలెనని, ఎల్.డి.ఎల్. 70 లోపున ఉండవలెనని భారత హృద్రోగ వైద్యుల సంఘము 2024లో ప్రకటించిన మార్గదర్శకములు చెప్పుచున్నవి. అనగా కాగితము నిశ్చింతను బోధించిన దినముననే అతడు చికిత్స పొందదగినవాడై ఉండెను.

గట్టు బలమును చూడక నీటిమట్టమును చదువరాదు

గోదావరి తీరమున పుట్టినవారికి ఇది సులభముగా బోధపడును. వరద కాలమున భద్రాచలము వద్ద నీరు 43 అడుగులకు చేరినచో మొదటి హెచ్చరిక, 48 అడుగులకు రెండవది, 53 అడుగులకు మూడవది ప్రకటింతురు. ఆ అంకె విలువైనది. దానిని నమ్మియే దిగువవారు సామానులు సర్దుకొందురు. కాని మన ఊరు మునుగునా లేదా అనునది ఆ ఒక్క అంకెను బట్టి తేలదు. ఏటిగట్టు ఎట్లున్నది? ఎక్కడ గండి పడినది? సముద్రము పోటు మీదనున్నదా, పాటు మీదనున్నదా? 1986లోను, 2022లోను వరదను చూచిన యానాం పెద్దలకు ఈ ప్రశ్నలు ఎవరును నేర్పనక్కరలేదు. అదే నీటిమట్టము బలమైన గట్టు నడుమ ప్రవాహము. బలహీనమైన గట్టు ప్రక్కన ఉపద్రవము.

కొలెస్టరాల్ అంకెయు ఇట్టిదే. పొగాకు రక్తనాళపు గోడ లోపలి పొరను చెడగొట్టును. అధిక రక్తపోటు రాత్రింబవళ్లు దానిని మోదుచుండును. మధుమేహము లోలోపల తొలుచును. వయస్సు, వంశము, నడుము చుట్టుకొలత, కూర్చుండి చేయు పని, ఇవన్నియు గట్టుకు సంబంధించిన విషయములే. గోడ చెడియున్న మనిషికి 98 ఎక్కువ కావచ్చును. గోడ బాగుగా ఉన్న మనిషికి అదియే సంతృప్తికరము కావచ్చును. అందువలననే పైన చెప్పిన మార్గదర్శకములలో ఎల్.డి.ఎల్.కు ఒక్క హద్దు లేదు. సామాన్యులకు 100 లోపు, అపాయము హెచ్చుగా ఉన్నవారికి 70 లోపు, గుండెపోటు వచ్చినవారి వంటి అత్యధిక అపాయము గలవారికి 55 లోపు. కాగితములో అచ్చు వేసిన హద్దు మాత్రము అందరికిని ఒక్కటే. కష్టమంతయు ఇక్కడనే ఉన్నది.

ఈ జ్ఞానము ఒక్కనాటిది కాదు. 1948లో అమెరికాలోని ఫ్రామింగ్‌హామ్ అను చిన్న పట్టణమున 5,209 మంది స్త్రీపురుషులను ఎన్నుకొని, ఏండ్ల తరబడి పరీక్షించుచు, వారిలో ఎవరికి గుండెజబ్బు వచ్చునో వైద్యులు గమనించిరి. ఒక్క కారణము కాక, కొన్ని కారణములు కలిసి ఒకదానినొకటి బలపరచునని ఆ పరిశీలన వలన తేలినది. 2004లో 52 దేశముల రోగులతో జరిగిన మరియొక గొప్ప పరిశోధనలో, మొదటిసారి వచ్చు గుండెపోటుల అపాయములో నూటికి 90 పాళ్లు తొమ్మిది విషయములతో ముడిపడి ఉన్నవని తెలిసినది. కొవ్వుల అసమతౌల్యము, పొగ త్రాగుట, రక్తపోటు, మధుమేహము, పొట్ట చుట్టు కొవ్వు అందులో ముఖ్యములు. ఆ పరిశోధనలోనే దక్షిణాసియా వారికి గుండెపోటు ఇతరుల కంటె సుమారు అయిదారేండ్లు ముందుగా వచ్చుచున్నదనియు బయటపడినది. సంపాదించు చేయి కూలిపోవు వయస్సు అది.

మన పల్లెల సాక్ష్యము

ఇది పట్టణపు ధనికుల జబ్బని చాలమంది అనుకొందురు. అది పొరపాటు. 2003, 2004 సంవత్సరములలో తూర్పు పశ్చిమ గోదావరి జిల్లాలకు చెందిన 45 పల్లెలలో, మరణించిన ప్రతి మనిషి ఇంటికిని ఆరోగ్య కార్యకర్తలు వెళ్లి, ఇంటివారిని అడిగి మరణకారణమును వ్రాసికొనిరి. పన్నెండు నెలలలో 1,354 మరణములు నమోదైనవి. వానిలో నూటికి 32 గుండె, రక్తనాళముల జబ్బుల వలన కలిగినవి. అంటువ్యాధుల వలన కలిగినవి నూటికి 12 మాత్రమే. చుట్టు వరిచేలు, కొబ్బరితోటలు, కాలువలు ఉన్న ఊళ్లు అవి. యానాం ఆ గడ్డ నడుమనే ఉన్నది.

పుదుచ్చేరి విషయము ఇంకను ఆలోచింపదగినది. భారత వైద్య పరిశోధన మండలి 2008 నుండి 2020 వరకు దేశమంతట 1,13,043 మంది వయోజనులను పరీక్షించి, 2023లో ఫలితములను ప్రకటించినది. దేశమున నూటికి 11 మందికి పైగా మధుమేహముండగా, పుదుచ్చేరిలో నూటికి 26 మందికి ఉన్నది. దేశములో గోవా తరువాతి స్థానము మనదే. రక్తములోని కొవ్వులలో ఏదో ఒక లోపము గలవారు దేశమున నూటికి 81 మంది. ఈ చివరి అంకెను గమనింపుడు. నూటికి 81 మందిలో ఏదో ఒక గుర్తు కనిపించినచో, గుర్తు కనిపించినంత మాత్రమున ఎవరిని ముందు చూడవలెనో తెలియదు. అంకె ఒక్కటియే చూచువానికి ఊరంతయు రోగులే. మనిషిని చూచువానికి మాత్రమే, వారిలో ఎవరు ముందు చికిత్స పొందవలెనో తెలియును.

క్రొత్త సూచకములు, క్రొత్త ఆశలు

ఇక రెండవ పొరపాటును గూర్చి చెప్పవలెను. ఒక్క అంకె చాలదని తెలిసిన తరువాత, అంకెలన్నియు కావలెనను ఆశ పుట్టును. అరువది, డెబ్బది, నూరు పరీక్షలను ఒక మూటగా కట్టి, పండుగ తగ్గింపు ధరలకు విక్రయించు ప్రకటనలను మనమందరము చూచుచున్నాము. పరీక్ష హెచ్చినకొలది జ్ఞానము హెచ్చునను భ్రమ అందులో ఉన్నది.

రక్తములోని ఒక పదార్థము జబ్బుతో పాటు కనిపించుట వేరు. అది జబ్బుకు కారణమగుట వేరు. పొగ ఉన్నచోట నిప్పు ఉండును. కాని పొగను విసరి పోగొట్టినంత మాత్రమున నిప్పు ఆరదు. హోమోసిస్టీన్ అను పదార్థము ఇందుకు మంచి నిదర్శనము. అది హెచ్చుగా ఉన్నవారిలో గుండెజబ్బు హెచ్చుగా కనిపించినది. దానిని తగ్గించు శక్తి ఫోలిక్ ఆమ్లమునకు ఉన్నది. భీమవరమున పుట్టి, అమెరికాలో పరిశోధకులకు నాయకత్వము వహించిన మన యల్లాప్రగడ సుబ్బారావుగారి పర్యవేక్షణలో 1940వ దశకమున కృత్రిమముగా తయారైన మందు అది. రక్తహీనత గలవారికి అది చేసిన ఉపకారము అంతింత కాదు. కాని హోమోసిస్టీనును తగ్గించుటకై దానిని హృద్రోగులకిచ్చి చూచిన గొప్ప పరీక్షల ఫలితములు 2006లో వెలువడినప్పుడు, అంకె తగ్గినది గాని గుండెపోటులు తగ్గలేదని తేలినది.

కొలెస్టరాల్ విషయము అట్లు కాదు. 1994లో ప్రకటితమైన స్కాండినేవియా దేశముల పరీక్షలో 4,444 మంది హృద్రోగులు పాల్గొనిరి. సగము మందికి స్టాటిన్ మందును, సగము మందికి ఉత్త మాత్రను ఇచ్చి సుమారు అయిదున్నరేండ్లు గమనించగా, మందు పుచ్చుకొన్నవారిలో మరణములు నూటికి 30 పాళ్లు తగ్గినవి. ఆ తరువాత వచ్చిన పరీక్షలన్నిటిని కలిపి చూచినప్పుడు, ఎల్.డి.ఎల్. సుమారు 39 మిల్లీగ్రాములు తగ్గిన ప్రతిసారియు పెద్ద ఉపద్రవములు అయిదవ వంతు తగ్గునని నిలకడగా తేలినది. అంకెను తగ్గించినప్పుడు జబ్బును తగ్గినది. కనుక ఇది కారణములలో ఒకటి. కొలెస్టరాల్ అంతయు బూటకమని చెప్పువారి మాట నమ్మి మాత్రలు మానువారు ఈ సంగతిని మరువరాదు. స్టాటిన్ల వలన కొందరికి కండరముల నొప్పి రావచ్చును. కొందరిలో రక్తములోని చక్కెర స్వల్పముగా పెరుగవచ్చును. అట్టివారు వైద్యునితో చెప్పి మందునో మోతాదునో మార్పించుకొనవలెను గాని తమంతట తాము మానరాదు.

మిగిలిన సూచకములలో ఏవి పనికివచ్చును? లైపోప్రొటీన్-ఎ అను దానిని 1963లో నార్వే శాస్త్రజ్ఞుడు కోరే బెర్గ్ కనుగొనెను. అది వంశము నుండి వచ్చును. ఆహార నియమముల వలన గాని వ్యాయామము వలన గాని చెప్పుకోదగినంత మారదు. 50 మిల్లీగ్రాములకు మించినచో అపాయము హెచ్చును. మన దేశమున నలుగురిలో ఒకరికి అట్లు హెచ్చుగా ఉన్నదని భారత హృద్రోగ వైద్యులు చెప్పుచున్నారు. దీనిని జీవితమున ఒక్కసారి చూచుకొన్న చాలును. హెచ్చుగా ఉన్నచో మిగిలిన అపాయములను మరింత గట్టిగా అదుపులో పెట్టవలెను. తండ్రి గాని, తల్లి గాని, తోబుట్టువులు గాని చిన్న వయస్సున గుండెపోటు పాలైన ఇంటివారు ఈ పరీక్షను తప్పక చేయించుకొనుట మేలు.

శరీరములోని వాపును తెలుపు సి.ఆర్.పి. అను సూచకమును గూర్చి చాల ఆశలుండెను. మధ్యమముగా అపాయమున్నవారిలో 400 నుండి 500 మందికి ఈ పరీక్ష అదనముగా చేసినచో, పదేండ్లలో ఒక్క ఉపద్రవమును ఎక్కువగా నివారింపవచ్చునని 2012లో అనేక పరిశోధనలను క్రోడీకరించిన శాస్త్రజ్ఞులు లెక్కకట్టిరి. వైద్యునికి సందేహము తీరనప్పుడు అది ఉపకరించును. అందరికిని అవసరము లేదు. ట్రోపోనిన్ అను పరీక్ష సామాన్యముగా మరియొక పనికి ఉద్దేశింపబడినది. ఛాతీనొప్పితో ఆసుపత్రికి వచ్చినవానికి గుండె కండరము దెబ్బతిన్నదా లేదా అని ఆ పూటనే తెలుపును. నొప్పి వచ్చినవాడు దగ్గరి పరీక్షశాలను వెదకుచు కూర్చుండరాదు. వెంటనే ఆసుపత్రికి పోవలెను.

ఏమి చేయవలెను

నా అభిప్రాయమును సూటిగా చెప్పెదను. ప్రజాధనమును గాని, ఇంటి పైకమును గాని ముందుగా వెచ్చించవలసినది అరుదైన సూచకములపై కాదు. రక్తపోటు, రక్తములోని చక్కెర, సామాన్యమైన కొవ్వుల పరీక్ష, నడుము కొలత, పొగాకు అలవాటు, ఇంటి చరిత్ర – ఈ ఆరింటిని ప్రతి మనిషికిని ఒక్క కాగితముపైకి తేవలెను. ముప్పది ఏండ్లు నిండినవారికి ప్రభుత్వ ఆరోగ్య కేంద్రములలో రక్తపోటును, చక్కెరను ఉచితముగా చూచుచున్నారు. ఆశా కార్యకర్త ఇంటికి వచ్చి నడుము కొలిచి, పొగాకును గూర్చి అడిగినప్పుడు కొందరు నవ్వుకొందురు. ఆమె చేతిలోని టేపు, ఆమె అడుగు ప్రశ్నలు, వేల రూపాయల పరీక్షల మూట కంటె తక్కువైనవి కావు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో సవరించిన అపాయపట్టికలలో ఒకటి రక్తపరీక్ష లేకయే, వయస్సు, లింగము, రక్తపోటు, పొగాకు, శరీరపు బరువు ఎత్తుల లెక్కలతో రానున్న పదేండ్ల అపాయమును అంచనా వేయును. మరియొకటి కొలెస్టరాలును, మధుమేహమును చేర్చి మరింత సూక్ష్మముగా చెప్పును. వైద్యుని వద్ద "నా కొలెస్టరాల్ ఎంత?" అని మాత్రమే అడుగక, "పదేండ్లలో నాకు గుండెపోటు రాగల అపాయము నూటికి ఎంత?" అని అడుగుట నేర్చుకొందము.

కొవ్వుల పరీక్షను మొదటిసారి 18వ యేటనే చేయించవలెనని భారత హృద్రోగ వైద్యుల సంఘము సలహా. ఇంటిలో చిన్న వయస్సున గుండెజబ్బు వచ్చిన చరిత్ర ఉన్నచో ఇంకను ముందుగానే చేయింపవలెను. సాధారణముగా పరగడుపున పోవలసిన అవసరము కూడ లేదు; ట్రైగ్లిసరైడులు మిక్కిలి హెచ్చుగా వచ్చినప్పుడు మాత్రమే పరగడుపున మరల చేయింపవలెను. కూలికి పోవువారు ఒక పూట పని మానుకొనవలసి వచ్చునని పరీక్షను వాయిదా వేయనక్కరలేదు.

పరీక్షశాలల వారికిని, నావంటి అనువాదకులకును ఒక మనవి. కాగితముపై "నార్మల్" అను మాట బదులు "ఈ హద్దు అందరికిని ఒక్కటి కాదు, మీ హద్దును మీ వైద్యుడు నిర్ణయించును" అని ప్రజల భాషలో అచ్చు వేసినచో అదనపు వ్యయమేమియు లేదు. యానాంలో తెలుగున, పుదుచ్చేరిలో తమిళమున, మాహేలో మలయాళమున ఆ ఒక్క వాక్యము ఉన్నచో ఎందరికో మేలు కలుగును.

అయినను ఒక హెచ్చరిక అవసరము. అపాయమును గుర్తించుటతోనే పని ముగియదు. పశ్చిమ గోదావరి జిల్లా పల్లెలలో ఆశా కార్యకర్తల చేతికి చిన్న యంత్రములిచ్చి, అపాయము హెచ్చుగా ఉన్నవారిని గుర్తించి వైద్యుల వద్దకు పంపు ఏర్పాటు చేసి చూచిరి. 2019లో ఫలితములు వెలువడినవి. ఆ ఏర్పాటు ఉన్న పల్లెలలోను, లేని పల్లెలలోను రక్తపోటు అదుపునకు వచ్చినవారి పాలు ఒక్కటిగానే ఉన్నది. నిరాశ పడుటకు నేను దీనిని చెప్పుట లేదు. గుర్తించిన తరువాత మందు ప్రతి నెలయు అందవలెను; అందిన మందును మనిషి ప్రతి దినమును మ్రింగవలెను; ఈ రెండును లేనిచో ఎంత చక్కని అంచనాయైనను కాగితముగనే మిగులును. ఆరోగ్య కేంద్రములో మాత్రల డబ్బా ఖాళీ కాకుండ చూచుట ఏ క్రొత్త సూచకము కంటెను గొప్ప శాస్త్రము.

వైద్యవిద్యకు పుదుచ్చేరి పాతది. 1823లో ఫ్రెంచివారు ఇక్కడ నెలకొల్పిన వైద్య పాఠశాల వంశమునుండియే, 1964లో జిప్మర్ అను పేరు పొందిన నేటి మహాసంస్థ పుట్టినది. దూరప్రాంతముల నుండి వచ్చి దాని వాకిట వేచియుండు జనమును నేను చూచుచుందును. వారిలో కొందరైనను పదేండ్ల ముందు ఒక టేపుతో, ఒక రక్తపోటు యంత్రముతో, ఒక తీసివేత లెక్కతో ఇంటివద్దనే మేలుకొని యుండవచ్చునని నాకు తోచును.

చివరకు మాటల సంగతి. నా వృత్తి అది కనుక చదువరులు మన్నింతురు గాక. ఇంగ్లీషులో "రిస్క్" అను దానిని మనము సాధారణముగా "ప్రమాదము" అని తెలుగు చేయుచున్నాము. వాడుకలో ఆ మాట వినగానే బస్సు బోల్తాపడిన దృశ్యము కన్నుల ముందు నిలుచును; ఏదో హఠాత్తుగా వచ్చి మీద పడునది, మన చేతిలో లేనిది అని తోచును. అందుచేతనే ఈ వ్యాసమున నేను "అపాయము" అనుచు వచ్చితిని. కాని సంస్కృతమున ప్రమాదమనగా మొదటి అర్థము ఏమరుపాటు. ఆ పాత అర్థములో తీసికొన్నచో ఆ మాటయే మనకు సరిపోవును. మా బావమరిదికి వచ్చినది ఆ అర్థమున ప్రమాదమే. అందులో అతని పాలు కొంత, నా పాలు కొంత. అతడు సిగరెట్లు మానెను. మాత్రలు తప్పక మ్రింగుచున్నాడు. అతని కుమారునికి ఈ యేడు 18 ఏండ్లు నిండినవి. మొదటి పరీక్ష చేయించితిమి. కాగితము వచ్చిన సాయంత్రము తండ్రీకొడుకులు నాకు ఫోను చేసి, అన్ని అంకెలను వరుసగా చదివి వినిపించిరి. అది ఎంతయో బాగున్నదని నేను చెప్పలేదు. వైద్యుని వద్దకు తీసికొనిపోయి, తండ్రి చరిత్రను, తాత చరిత్రను కూడ చెప్పి, అప్పుడు ఆ కాగితమును చూపుడని మాత్రము చెప్పితిని.